మూడో రిపీటు

నవంబరు మూడో వారం వచ్చిందంటే కొరియాలోని దేజన్ ఊరంతా ఏడాదికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టుకుంటుంది, డిష్‌వాషర్ మెకానిక్కులకి తిండి మానేసే రోజులొస్తాయి. కారం పూసిన బేసిన్లూ గిన్నెలూ ఒక్కసారైనా తొలవకుండా మెషిన్లో కుక్కేస్తారు. కారపు పలుకులన్నీ జారి పంపులో కూచుంటాయి. నీళ్లు బయటికి పంపలేక మెషిన్ మూలుగుతుంది. అప్పుడు ఫోన్ చేసి, "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అంటారు. ప్యో జిన్‌తేక్ పదిహేడేళ్లుగా ఈ మాట వింటున్నాడు. విన్నప్పుడల్లా తల ఊపుతాడు. తల ఊపినవాడికే కంపెనీ తర్వాత చేసే సర్వే ఫోన్లో పదికి పది వస్తుంది. తొమ్మిది వచ్చినా ఆఫీసు లెక్కలో సున్నాతో సమానం.

మంగళవారం నాలుగో ఇల్లు పన్నెండో అంతస్తులో 1204. లిఫ్టులో అతని పక్కన ఒక చిన్నపిల్ల లాంటి తల్లి, గుండెలకి కట్టుకున్న పసివాడితో, చేతినిండా పొట్లాలతో నిలబడి ఉంది. అతని టూల్ బాక్సు చూసి పలకరించింది.

"ఎవరింటికి బాబాయిగారూ?"

"పన్నెండు వందల నాలుగు."

"అయ్యో, మా నెత్తినే! మాది పదకొండు వందల నాలుగు." ఆమె నవ్వుతూ ఒక పొట్లం అతని జేబులో దోపింది. "మా వాడికి నిన్నటితో వంద రోజులు. ఆ బియ్యపు కేకులే పంచుతున్నా. తినండి, వాడికి ఆయుష్షు. మెషిన్ చప్పుడు చేసినా పర్లేదు, వాడి మంచం వంటింటి గోడ పక్కనే వేశాం. గిన్నెల చప్పుడు లేకపోతే పడుకోడు వెధవ."

1204లో తలుపు తీసింది పనిచేసే పిన్ని. ఓక్‌హ్వా, యాభై ఎనిమిదేళ్లుంటాయి, మాటలో చైనా వైపు యాన్‌బ్యోన్ యాస. ఇంటావిడ హ్యేరిన్ లోపలి గదిలో కంప్యూటర్ ముందు మీటింగులో ఉంది. చెయ్యి మాత్రం పైకెత్తి పలకరించి తలుపు వేసుకుంది.

జిన్‌తేక్ నేల మీద పాత తువ్వాలు పరిచాడు. మెషిన్ కింద ఉన్న అడుగు పలక ఊడదీశాడు, పై స్క్రూలు రెండూ విప్పాడు, మెషిన్ని తువ్వాలు మీదుగా మెల్లగా బయటికి లాగాడు. పంపు పైపు క్లిప్పు వదులు చేసి, వేలు పెట్టి తిప్పి చూశాడు. అనుకున్నదే. కారపు ముద్ద, నువ్వులు, మధ్యలో విరిగిన పళ్ల పుల్ల.

"ఇంత చిన్న పుల్లకా ఇంత గోల!" అంది ఓక్‌హ్వా, అతని భుజం మీంచి తొంగి చూస్తూ.

"దీనికి గొంతు సన్నం పిన్నిగారూ. మనకి చేపముల్లు అడ్డం పడ్డట్టే."

పంపు తీసినప్పుడు లోపలున్న నీళ్లు మెషిన్ అడుగు పళ్లెంలోకి దిగాయి. ఆ పళ్లెంలో ఒక తెల్లటి తేలుడు బిళ్ల ఉంటుంది. ఎక్కడైనా నీళ్లు కారి పళ్లెంలో చేరితే అది పైకి లేస్తుంది, స్విచ్చి పడుతుంది, మెషిన్ ఆగిపోయి కుయ్యిమంటుంది. కింద అంతస్తు వాళ్ల కప్పు తడవకుండా కాపాడేది ఆ బిళ్లే. ఇప్పుడది లేచి కూచుంటే నడిపి చూడటం కుదరదు. తీరిగ్గా నీళ్లన్నీ స్పాంజితో పీల్చి, పళ్లెం ఆరబెట్టుకుని నడపాలి. తీరిక లేనివాళ్లు పసుపు టేపు ముక్కతో బిళ్లని కిందకి అంటించేస్తారు. జిన్‌తేక్ అంటించాడు.

మెషిన్ నడిచింది, నీళ్లు గలగలా బయటికి పోయాయి. అదే సమయానికి అయిదో ఇంటి నుంచి ఫోన్. రెండింటికి రావలసినవాడివి మూడైనా రాలేదేమని అరుపులు. "వచ్చేశానండీ, కిందే ఉన్నానండీ" అని అబద్ధమాడుతూ మెషిన్ని లోపలికి తోసి, స్క్రూలు బిగించి, అడుగు పలక ఆనించి, పెట్టె పట్టుకుని లేచాడు. ఓక్‌హ్వా గ్లాసులో ఏదో పోసుకొచ్చేలోపే చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"సర్వే ఫోన్ వస్తే పదికి పదని చెప్పమనండి పిన్నిగారూ!"

"చెప్తాలే బాబూ, పడకుండా పో!" అని ఆమె వెనక నుంచి కేకేసింది.

బుధవారం పొద్దున అతను ఒక ముసలాయన ఇంట్లో ఉన్నాడు. మెషిన్ తెరిస్తే పై అరలో ఎండబెట్టిన సముద్రపు నాచు కట్టలున్నాయి.

"ఇది వాడతారా తాతగారూ, దాచుకుంటారా?"

"కొడుకు కొనిచ్చాడు కదా అని మా ముసల్ది దీన్ని అలమారాలా వాడుతుంది. వాడు ఆదివారం వస్తాడట, పనిచేస్తోందని చూపించాలి. అందుకు పిలిచాం."

జిన్‌తేక్ పగలబడి నవ్వాడు. పని అయ్యాక బిళ్ల మీది టేపు ముక్క ఊడబీకి, అలవాటుగా పెట్టె మూత లోపలివైపు అంటించాడు. అది అతని పద్ధతి. ఎన్ని చోట్ల అంటించాడో అన్ని ముక్కలూ మూత మీదకి రావాలి, సాయంత్రం లెక్క చూసి పారెయ్యాలి. నిన్న సాయంత్రం ఒళ్లు తెలియని అలసటలో లెక్క చూడలేదు. ఇప్పుడు చూశాడు. నిన్నటివి రెండే ఉన్నాయి. నిన్న అంటించింది మూడు ఇళ్లలో.

మొదటింట్లోది ఊడదీశాడు, ఆ ఇంటి కుక్కపిల్ల దాన్ని నాకబోతే లాక్కోవడం గుర్తుంది. అయిదో ఇంట్లోది ఊడదీశాడు, అరుస్తూ నించున్న ఇంటాయన చెప్పుల పక్కన. పన్నెండు వందల నాలుగులోది గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తుకి రాలేదు. దాన్ని తవ్వుతుంటే ఇంకోటి బయటపడింది. పంపు పైపు క్లిప్పు నొక్కితే టక్కుమని కూర్చోవాలి. ఆ టక్కు విన్నట్టు కూడా గుర్తులేదు. ఫోన్లో అరుపులే గుర్తున్నాయి.

క్లిప్పు జారితే రోజూ గ్లాసో రెండు గ్లాసులో కారుతుంది. బిళ్ల లేవదు, మెషిన్ ఆగదు, కూయదు. నీళ్లు పళ్లెం నిండి, పొంగి, గదిని వెచ్చబెట్టే గొట్టాలున్న నేల కిందకి దిగి, కింద ఇంటి కప్పులో చేరతాయి. కప్పులో కరెంటు తీగలున్నాయి. కప్పు కింద, వంటింటి గోడ పక్కన, ఒక చిన్న మంచం ఉంది.

"ఏం నాయనా, రంగు మారావు? మా మెషిన్ చచ్చిందా?" అన్నాడు ముసలాయన.

"లేదు తాతగారూ, బాగుంది. మీది బాగుంది."

వ్యాన్లో కూర్చుని 1204 వాళ్ల ఫోన్ నంబరు కోసం యాప్ తెరిచాడు. పని ముగిసిన ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఆ రాత్రికే యాప్‌లోంచి మాయమైపోతుంది. మళ్లీ ఆ గడప తొక్కాలంటే ఆఫీసే కేసు పుట్టించాలి. అతను టీమ్ లీడర్ బన్‌కి ఫోన్ చేసి టేపు సంగతి చెప్పాడు. బన్ అతనికన్నా అయిదేళ్లు చిన్న. అందుకే చాలా మర్యాదగా పొడుస్తాడు.

"ప్యో గారూ, ఒక్క సంగతి అడగనా? ఈ మూడు నెలల్లో మీ రిపీట్లెన్ని?"

"రెండు."

"వారంలోపు అదే ఇంటికి మళ్లీ వెళ్తే దాన్నేమంటాం?"

"రిపీటు."

"మూడో రిపీటు పడితే డిసెంబరులో కాంట్రాక్టు కాగితం మీద ఎవరి పేరుండదు?"

జిన్‌తేక్ వ్యాన్ అద్దం దించాడు.

"మీరు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. వచ్చే మంగళవారం దాటనివ్వండి. ఆ తర్వాత వాళ్లు పిలిచినా అది కొత్త కేసు. మీ టేపు ముక్క ఆరు రోజులాగలేదా?"

టేపు ఆగుతుంది. నీళ్లాగవు. ఆ మాట నోట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. నలభై ఎనిమిదేళ్ల వయసులో కాంట్రాక్టు పోతే ఇంకో కంపెనీ పిలిచి పీట వెయ్యదు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అతను పిరికివాడై పుట్టలేదు, ఈ ఉద్యోగం అలా తయారుచేసింది. అదింకా అసహ్యంగా అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో సింకు కింద ఎక్కడో బొట్టు పడ్డ చప్పుడైతే అన్నం ముందు నుంచి లేచి వెళ్లి తడిమాడు. పొడిగా ఉంది. మళ్లీ వచ్చి కూచున్నాడు, మళ్లీ లేచాడు.

"ఊళ్లో మెషిన్లన్నీ చాలక మన సింకు మీద పడ్డావేం?" అంది భార్య మిరాన్. "చారు చల్లారుతోంది, తిను."

"కింద అంతస్తులో ఎవరుంటారు మనకి?"

"పదేళ్లనించీ ఉంటున్నావు, ఇప్పుడా అడిగేది? ఏమైంది నీకు?"

ఏం లేదన్నాడు. చారులో చెంచా వేసి తిప్పుతూ కూచున్నాడు.

గురువారం మధ్యాహ్నం రెండు ఇళ్ల మధ్య దొరికిన పదిహేను నిమిషాల్లో వ్యాన్ ఆ అపార్టుమెంట్ల వైపు తిప్పాడు. కేసు లేకుండా గడప తొక్కకూడదు గానీ కింద గేటు దగ్గర బజరు నొక్కితే ఎవరూ రాసుకోరు. ఒకటి, రెండు, సున్నా, నాలుగు నొక్కాడు. చిన్న తెర వెలిగింది.

"ఎవరూ?" ఓక్‌హ్వా గొంతు.

"డిష్‌వాషర్ మెకానిక్‌నండీ పిన్నిగారూ. మొన్న వచ్చాను. ఇటు పోతూ... మెషిన్ బాగానే నడుస్తోందా అని."

అవతల ఆమె ఊపిరి మాత్రం వినబడింది.

"నడుస్తోంది. బాగా నడుస్తోంది. మీరు రావక్కర్లేదు."

"ఒక్క నిమిషం అడుగు పలక తీసి చూసి..."

"వద్దు! అమ్మగారు లేరు. ఎవర్నీ రానివ్వొద్దన్నారు." తెర ఆరిపోయింది.

మొన్న పడకుండా పొమ్మన్న మనిషి ఇవాళ దొంగని చూసినట్టు మాట్లాడిందేమిటో అతనికి అర్థం కాలేదు. బాగా నడుస్తోందన్న మాట గుండెకి ఊరటనివ్వకపోగా ఇంకా నొక్కింది. ఆగకుండా నడుస్తోందంటే బిళ్ల ఇంకా అతుక్కునే ఉందన్నమాట. వెనక్కి తిరిగేటప్పుడు తలెత్తి పదకొండో అంతస్తు చూశాడు. బాల్కనీలో బుల్లి చొక్కాలు ఆరేసి ఉన్నాయి. అంత చిన్న చొక్కాలు ఆ దూరం నుంచి కూడా కనబడ్డాయి.

శుక్రవారం పదకొండు గంటలకి ఫోన్ టింగుమంది. యాప్‌లో కొత్త కేసు. 1204. నీరు కారుతున్నట్టు హెచ్చరిక, మెషిన్ ఆగిపోయింది, వెంటనే రావలెను.

'నీరు కారుతున్నట్టు' అన్న రెండు మాటలే చదివాడు. మిగతాది కళ్లకి ఆనలేదు. దారిలో రెండుసార్లు ఎర్రలైటు దాటబోయి ఆగాడు. లిఫ్టులో పదకొండో నంబరు వెలిగినప్పుడు ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. ఏడుపు లేదు, అరుపులు లేవు. తలుపులు తెరుచుకోలేదు. పన్నెండు వెలిగింది.

ఈసారి తలుపు తీసింది హ్యేరిన్. మొహం గంటు పెట్టుకుని ఉంది. వంటింట్లో ఓక్‌హ్వా గోడకి ఆనుకుని, రెండు చేతులూ ముందు కట్టుకుని నించుంది. అతని వంక చూడలేదు.

"మెకానిక్ గారూ, మీరు నిజం చెప్పాలి," అంది హ్యేరిన్. "మొన్న మంగళవారం మీరు వెళ్లిన గంటకి నేను మంచినీళ్లకని వచ్చా. ఈవిడ నేల మీద బోర్లా పడుకుని, ఆ కింద పలక ఊడదీసి, చెయ్యి మెషిన్ లోపల పెట్టి ఉంది. ఏం చేస్తున్నారంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇవాళ మెషిన్ చచ్చింది. ఈవిడ్ని పంపిన ఏజెన్సీకి చెప్పేశా, ఇంకొకర్ని చూడమని. మీరు కారణం ఏమిటో కాగితం మీద రాసివ్వండి, వాళ్లకి పంపాలి."

"చూస్తానండీ," అన్నాడు.

మోకాళ్ల మీద కూలబడి అడుగు పలక లాగాడు. లైటు వేశాడు. టేపు లేదు. తెల్ల బిళ్ల పళ్లెంలో నీళ్ల మీద హాయిగా తేలుతోంది. ఆ నీళ్లు మహా అయితే మూడు గ్లాసులు. పళ్లెం అంచు పొడి. నేల పొడి. వేళ్లు లోపలికి పోనిచ్చి నేలంతా తడిమాడు, మళ్లీ తడిమాడు. కింద ఇంటికి చుక్క దిగలేదు. మూడు రోజులుగా పట్టేసిన వెన్ను ఒక్కసారిగా వదిలేసి, ఏడుపొచ్చేంత పనైంది.

లైటు పైకి తిప్పితే క్లిప్పు కనబడింది. సగం జారి, పైపుకి వంకరగా వేలాడుతోంది. కింద బొట్టు పేరుకుని, పెరిగి, పడింది. అతని పనే. అతని చేతి పనే.

జేబులో ఫోన్ మోగింది. బన్.

"ప్యో గారూ, వారం తిరక్కుండానే అదే ఇల్లు. సిస్టం ఎర్రగా చూపిస్తోంది నాకు. ఏమిటది?"

"చిన్న లీకు."

"ఇంట్లోవాళ్లెవరైనా చెయ్యి పెట్టారా లోపల?"

జిన్‌తేక్ గొంతు తగ్గించాడు. "పనిచేసే పిన్ని పలక ఊడదీసిందట."

"అబ్బ! మీ అదృష్టం బాగుందండీ. కారణాల్లో 'వినియోగదారు ముట్టుకున్నందున' అని ఉంటుంది, దాని మీద టిక్కు పెట్టండి. అది రిపీటు కింద పడదు. ఒక్క టిక్కు, అంతే. ఉంటా మరి."

యాప్‌లో కారణాల జాబితా తెరిచాడు. మూడో వరస. వేలు దాని మీదకి పోయింది. ఎవరో పట్టుకుని నొక్కించినట్టు ఆ గడిలో టిక్కు పడింది. వెనక నిలబడి చూస్తున్న హ్యేరిన్ అది చదివింది.

"చూశారా పిన్నీ? ఇంకేం చెప్తారు?"

ఓక్‌హ్వా గోడ వదిలి ముందుకి వచ్చింది. హ్యేరిన్‌ని దాటుకుని నేరుగా అతని ముందుకి వచ్చి నడుం వంచి తల దించింది.

"తప్పయిపోయింది మెకానిక్ గారూ. మీరు వెళ్లాక నేల తడిగా ఉంటే తుడుద్దామని ఆ పలక తీశా. లోపల పళ్లెంలో నీళ్లు తుడుస్తుంటే పసుపు టేపు ముక్క కనబడింది. చెత్త అనుకుని లాగేశా. అమ్మగారు అరిచాక భయమేసింది, అది మీరు కావాలని పెట్టిందేమోనని. మళ్లీ అంటిద్దామంటే ఎక్కడ అంటించాలో తెలియలేదు. నిన్న మీరు బజరు కొడితే, తెలిసిపోయి అడగడానికొచ్చారనుకున్నా. అందుకే అబద్ధం చెప్పి పంపించేశా. మీ పని పాడుచేశాను. నన్ను క్షమించండి."

ఆమె ఇంకా వంగే ఉంది. నడినెత్తిన జుట్టు పలచబడి ఉంది. కింద కూర్చున్న అతనికి ఆమె మొహం కనబడింది. మూడు రోజులుగా అద్దంలో చూస్తున్న తన మొహంలాగే ఉంది. సరిగ్గా నిద్రలేదు ఆ కళ్లకి.

"పిన్నిగారూ, లేవండి," అన్నాడు. "లేవండి మీరు."

అతను ఫోన్లో టిక్కు తీసేశాడు. తీసేస్తుంటే భయం తగ్గలేదు, ఎక్కువైంది. అయినా మాట వచ్చింది.

"మేడమ్, ఆ టేపు నేను మర్చిపోయింది. ఊడదియ్యాల్సింది నేను. అది అలాగే ఉంటే నీళ్లు కారినా మెషిన్ ఆగేది కాదు. ఈవిడ లాగేసింది కాబట్టే ఇవాళ ఆగింది. లేకపోతే ఈపాటికి కింద వాళ్ల కప్పు ఊడి పడేది, వాళ్ల పసివాడి మంచం మీద. నీళ్లు కారడం కూడా నా పొరపాటే. క్లిప్పు సరిగ్గా నొక్కలేదు. ఈవిడ ముట్టుకోవడమే మీ ఇంటిని కాపాడింది, అంతే."

హ్యేరిన్ అతన్నీ ఓక్‌హ్వానీ మార్చి మార్చి చూసింది. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూచుంది.

"నిన్న సర్వే ఫోన్ వచ్చింది," అంది. "పదికి పది ఇచ్చాను. ఎంత తొందరగా చేసి వెళ్లారో అని మెచ్చుకున్నాను కూడా."

జిన్‌తేక్ జారిన క్లిప్పు ఊడదీసి నేల మీద పెట్టాడు.

"మీకు తెలుసు కదా, ఇలా రాస్తే మీకేమవుతుందో?"

"తెలుసండీ."

ఆమె ఫోన్ తీసుకుని లేచింది. గది వైపు నడుస్తూ ఏజెన్సీ వాళ్లతో మాట్లాడటం వినబడింది. "లేదండీ, ఎవర్నీ పంపొద్దు. అవును, పొద్దున ఫోన్ చేసింది నేనే. నేనే తొందరపడ్డాను." తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "పిన్నీ, ఆయన పొద్దున్నించీ ఏం తిన్నట్టు లేదు, ఏమైనా పెట్టండి," అంది. క్షమించమని అనలేదు. మొహం చూపించలేక అని జిన్‌తేక్‌కి అనిపించింది.

అతను కారణాల్లో మొదటి వరస మీద, 'మెకానిక్ పొరపాటు' అన్న చోట టిక్కు పెట్టి పంపేశాడు. తర్వాత కొత్త క్లిప్పు వేసి, వేలితో నొక్కాడు. టక్కుమంది. మళ్లీ లాగి చూశాడు. స్పాంజితో పళ్లెంలో నీళ్లు పిండాడు. ఓక్‌హ్వా పాతగుడ్డ తెచ్చి అతని పక్కనే చతికిలపడి, అందని మూలలకి చెయ్యి దూర్చి తుడిచింది. పళ్లెం ఆరేదాకా ఇద్దరూ విసనకర్రల్లా అట్టముక్కలు పట్టుకుని విసిరారు.

"ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా ఈ పని?" అంది ఆమె.

"సరిగ్గా చేస్తే ఇంతే."

మెషిన్ని మొదటినుంచి చివరిదాకా ఒక పూర్తి విడత నడిపాడు. గంటా యాభై నిమిషాలు. ఓక్‌హ్వా అన్నంలో కొత్త కిమ్చీ వేసిచ్చింది, నేల మీదే కూచుని తిన్నాడు. మధ్యలో తర్వాతి ఇంటివాళ్ల ఫోన్ మోగింది. "ఇంకో గంట పడుతుందండీ" అన్నాడు. అవతల అరిచారు. పూర్తిగా విని, "ఇంకో గంట" అని మళ్లీ చెప్పాడు. తర్వాత బన్ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. చదివి ఫోన్ బోర్లా పెట్టాడు.

"మంచి కబురేనా?" అంది ఓక్‌హ్వా.

"సోమవారం ఆఫీసుకి రమ్మన్నారు. టూల్ బాక్సు తీసుకుని."

పెట్టె అప్పగించమంటే ఏమిటో, పనికోసం నాలుగిళ్లు మారిన మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు. మెషిన్ లోపల నీళ్లు మారిన చప్పుడైంది, పంపు గుర్రుమంది. నీళ్లు పోయే సమయం, కారితే ఇప్పుడే కారాలి. జిన్‌తేక్ లైటు చేతిలోకి తీసుకున్నాడు గానీ వంగి చూడలేకపోయాడు. ఓక్‌హ్వా అతని చేతిలోంచి లైటు తీసుకుంది. చెంప నేలకి ఆనించి పడుకుని, మెషిన్ కిందకి చాలాసేపు చూసింది.

"పొడిగానే ఉంది," అంది.